నలభై ఒక్క కిలోల ఇటుకలు

శుక్రవారం, మధ్యాహ్నం ఒకటిన్నర. డెన్మార్కులో గ్రిన్‌స్టెడ్ అనే చిన్న ఊరు, తొమ్మిదేళ్ల టిల్డ గది. నేలంతా లెగో ఇటుకలే. కాలు పెట్టాలంటే చోటు కోసం బేరమాడాలి. మోకాళ్ల కింద దిండు వేసుకుని కూర్చున్నావిడ టిల్డ నాన్నమ్మ గెర్డా. ముప్ఫై ఏళ్లుగా సంతల్లో పాత సామాను అమ్ముకుని బతికిన మనిషి.

"ఆపు, ఆపు నాన్నమ్మా! ఎర్రవన్నీ ఒకే డబ్బాలో పోస్తున్నావేంటి?"

"ఎర్రవి ఎర్రవాటిలో కాకపోతే పచ్చవాటిలో పొయ్యనా?"

"రంగు చూసి కాదు. ఆకారం చూసి పొయ్యాలి."

"నువ్వు పుట్టకముందు నుంచీ ఇటుకలు అమ్ముతున్నానే నేను. ఏ రంగుకా రంగు గాజుసీసాల్లో నింపి బల్లమీద పెట్టానంటే, అటు పోయేవాడు ఇటు తిరగాల్సిందే."

"అది అమ్మేవాళ్ల పద్ధతి. కట్టేవాళ్ల పద్ధతి వేరు."

"ఓహో."

"నమ్మవా? సరే, ఆ ఎర్ర కుప్పలోంచి నాకో ఎర్ర కీలు తీసివ్వు. తలుపు తిరగడానికి వేస్తామే, అది. వేలిగోరంత ఉంటుంది."

"అదెంత పని. ఉండు... ఇదేనా?"

"అది పలక."

"ఇది?"

"అది విరిగిన కిటికీ."

"కళ్లద్దాలు కార్లో మర్చిపోయానే."

"నీ నెత్తిమీదే ఉన్నాయి. అయినా దొరకదు నాన్నమ్మా. ఎర్రలో ఎర్ర కలిసిపోతుంది. అదే కీళ్లన్నీ ఒక సొరుగులో వేశామనుకో, అందులో ఎర్రది 'నేనిక్కడున్నా' అని పిలుస్తుంది."

"ఊఁ. ఉప్పులో పంచదార వెతికినట్టన్నమాట."

"ముప్ఫై ఏళ్లు తప్పుగా చేశావు."

"తప్పుగా కాదు, లాభంగా చేశాను. రెంటికీ చాలా తేడా ఉంది. సరే, నీ పద్ధతే కానీ. ఆకారం చూసే పోద్దాం. కాకపోతే రెండు వాటాలుగా పోద్దాం. మూడింటికి మీ నాన్న వచ్చేస్తాడు. సగం ఇక్కడ ఉండాలి, సగం వేయ్లెలో మీ అమ్మ ఇంటికి పోవాలి."

"ఎక్కువ వాడేవి చేతికందే వరసలో. తక్కువ వాడేవి పైన. చక్రాలు అడుగున, ఎందుకంటే బరువు."

"నేను వాటాల గురించి మాట్లాడుతున్నా."

"నేను సొరుగుల గురించి మాట్లాడుతున్నా."

"టిల్డా."

"అరవై నాలుగు సొరుగులు నాన్నమ్మా. గుర్తుందా, మేకుల కొట్టు మూసేసినప్పుడు నువ్వే తెచ్చిచ్చావు ఈ బీరువా. నాన్న, నువ్వు, పక్కింటాయన, ముగ్గురు మోశారు."

"గుర్తులేకేం. నా నడుముకి ఇంకా గుర్తుంది. కోపెన్‌హాగన్ నుంచి ఒకాయన మూడుసార్లు ఫోన్ చేశాడు ఇది కావాలని. నీకోసం కాదన్నాను. మొహాన ఈ ఇటుకలేంటి, ఒక్కో సొరుక్కీ ఒక్కోటి అతికించావు?"

"లోపల ఏముందో బయట అదే. పేరు రాస్తే చదవాలి. ఇటుక చూస్తే చెయ్యి దానంతటదే పోతుంది."

"ఈ మాట నాకు ఇన్నేళ్లలో ఒక్కళ్లూ చెప్పలేదేం. నా కొట్టంలో మూతలమీద ఎంత రాశానే, చేతులు నొప్పెట్టేలా."

"కావాలంటే నేనొచ్చి అతికిస్తా. నాన్నమ్మా, నీ కొట్టంలో నాన్న పాత మంచం ఉండేది చూడు. అమ్మేశావా?"

"ఆ ఇనప మంచమా? రెండు వేసవులు సంతకి మోసుకెళ్లి మోసుకొచ్చాను. ఎవరూ కొనలేదు. కిర్రుమంటుంది. ఎందుకు?"

"ఊరికే. అవిగో, ఆ బొమ్మమనుషుల తలలు ఇటివ్వు."

"అమ్మో, ఏంటే ఇది! సీసా నిండా తలకాయలు! ఆ సీసాలో కాళ్లు, ఈ డబ్బాలో చేతులు. పోలీసులొస్తే ఏం చెప్తావు?"

"మనుషులు ఎక్కువగా విరిగేది చేతుల దగ్గరే నాన్నమ్మా. అందుకని విడిగా పెట్టాను. టోపీలు గుడ్లట్టలో ఉన్నాయి, ఒక్కో గుంటకీ రెండు."

"మా అమ్మ కూడా బొత్తాలు ఇలాగే గుడ్లట్టల్లో దాచేది. ఇదిగో, మిఠాయి తిను. శుక్రవారం మిఠాయిల రోజు కదా, తెచ్చాను."

"ఉప్పువా?"

"అతిమధురంతో చేసిన నల్లవి, ఉప్పువి. నీకిష్టమైనవే."

"ఇది శుక్రవారం మిఠాయా, లంచమా?"

"రెండూ ఒకే పొట్లంలో వచ్చాయి. తింటూ విను. నాకేం సరదా కాదమ్మడూ. మీ అమ్మా నాన్నా విడిపోతూ కాగితం రాసుకున్నారు. నువ్వు ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ. నీ సామాను సగం ఇక్కడ, సగం అక్కడ. ఇద్దరూ సంతకాలు పెట్టారు."

"నేను పెట్టలేదు."

"నీకు తొమ్మిదేళ్లు."

"ఇటుకల పెట్టెమీద ఏం రాసుందో తెలుసా? నాలుగేళ్ల నుంచి తొంభై తొమ్మిదేళ్ల దాకా. అంటే ఇటుకల విషయంలో నువ్వూ నేనూ సమానం."

"దేవుడా! మీ క్లాసులో మిగతా పిల్లలు వెళ్లట్లేదా ఏంటి, నువ్వొక్కదానివేనా?"

"పదకొండుమంది. శుక్రవారం బడి నడవాలో చూడాలి, పదకొండు సంచులు వరసగా. యోహన్నె అయితే కుందేల్ని కూడా తీసుకెళ్తుంది. ఆ కుందేలు ఇప్పుడు అక్కడా తినట్లేదు, ఇక్కడా తినట్లేదు."

"నీ సంచి సర్దావా మరి?"

"సర్దాను. గుమ్మం దగ్గరే ఉంది."

"చూశాలే. వస్తూ పక్కకి జరుపుదామని ఎత్తాను, నడుం పట్టేసింది. ఏం పెట్టావే అందులో? రాళ్లా?"

"బట్టలు. దువ్వెన. ఒక జత బూట్లు."

"బూట్లకి అంత బరువా?"

"వేయ్లెలో వాన కదా. ఈ ఏటవాలు ముక్కలన్నీ నీ వైపు తోస్తున్నా, అవి ఇంటికప్పులు. పెద్దవి కింద, చిన్నవి పైన."

"సరే, కప్పులు. ఇవిగో. చూడు టిల్డా, నువ్వే కదా గోల చేసింది, అమ్మ దగ్గరున్న వారమంతా ఇటుకల్లేవు, ఇటుకల్లేవు అని? దానికే కదా వాళ్లు పంచుదామన్నది. నువ్వడిగిందేగా."

"నేనడిగింది ఇటుకలు కాదు."

"మరేమడిగావు?"

"ఆ డబ్బా మూత ఇటివ్వు."

"మరేమడిగావే?"

"మూత అడిగాను."

"మొండిఘటం. సరే, నేనే మొదలుపెడతాను. మొత్తం నలభై ఒక్క కిలోలుంది. మీ నాన్న నిన్ననే తూచాడట. ఇరవైన్నర ఇటు, ఇరవైన్నర అటు. అరటిపళ్ల పెట్టెలు తెచ్చాను, అయిదిటి మీద గ్రిన్‌స్టెడ్ అని రాశాడు, అయిదిటి మీద వేయ్లె అని రాశాడు. ఏముంది, గంట పని."

"నాన్న పాలకేంద్రంలో జున్ను తూచి తూచి అన్నీ జున్నే అనుకుంటున్నాడు."

"మంచి ఉద్యోగమే అది, వెక్కిరించకు."

"జున్ను కోస్తే రెండు జున్నులవుతాయి నాన్నమ్మా. వంతెన కోస్తే రెండు వంతెనలవుతాయా? ఇవిగో పెద్ద చక్రాలు. ఆరే ఉన్నాయి. మూడు ఇక్కడ, మూడు అక్కడ. మూడు చక్రాలతో ఏం కట్టను?"

"ముందు పెట్టె ఉండే సైకిలు కట్టు. పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిరుగుతారే, దానికి మూడే."

"రెండిళ్లలోనూ అదేనా? వారం వారం అదే సైకిలా? ఇదిగో, ఓడరేవు క్రేను. దీని చెయ్యి అమ్మ దగ్గర, కొక్కెం నాన్న దగ్గర. బరువెత్తాలంటే వారం ఆగాలి."

"ఒకరికి క్రేను మొత్తం ఇచ్చేసి, ఇంకొకరికి దాని బరువుకి సరిపడా..."

"సరిపడా ఏంటి?"

"కప్పులు."

"గోడల్లేకుండా?"

"సంతలో చాలామందితో బేరమాడాను గానీ, నీలాంటిది తగల్లేదే."

"ఇంకోటి అడగనా? ఇది చూడు. ఈ తెల్ల ఇటుక. తిరగెయ్యి. అడుగున వెండిరంగు చుక్క ఉంది చూశావా? ఇలాంటివి చాలా ఉన్నాయి. గీకితే పోదు. ఏంటది?"

"... ఏదో పడి ఉంటుంది."

"అన్నిటికీ ఒకే చోటా?"

"పాత సామాను కదా. రకరకాల చేతులు మారుతుంది. కాఫీ పెట్టుకురానా?"

"నాన్నమ్మా, ఇప్పుడే తాగావు."

"ఇంకోటి తాగకూడదా?"

"నువ్వు సంతలో కొన్న సరుక్కి చుక్క ఉంటే, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని వందసార్లు అడుగుతావు."

"గోళ్ల రంగు అది."

"ఎవరిది?"

"నాదే."

"నువ్వు గోళ్లకి రంగు వేసుకునేదానివా!"

"ఎందుకు వేసుకోను? నాకు మాత్రం వయసుండదా? కానీ ఆ సీసాలు గోళ్లకి కాదు కొన్నది. మూడు సీసాలు. ఎనభై తొమ్మిది, చలికాలం. మీ నాన్నకి తొమ్మిదేళ్లు, మీ అస్గర్ బాబాయికి ఏడు. రోజూ కొట్లాటే. ఈ చక్రం నాదంటే నాది, ఈ కొక్కెం నాదంటే నాది. నాకు విసుగొచ్చింది. ఓ రోజు వంటింటి బల్లమీద మొత్తం కుమ్మరించాను. నీకొకటి, వాడికొకటి. నీకొకటి, వాడికొకటి. పద్దెనిమిది వందల నలభై ఆరు ఇటుకలు. చెరి తొమ్మిది వందల ఇరవై మూడు. ఒక్కటి అటూ ఇటూ కాలేదు. ఒకళ్లవాటికి చుక్క, ఒకళ్లవి ఉత్తవి. ఇంక కొట్లాట లేదు పొండి అన్నాను."

"మానేశారా?"

"మానేశారు. ఆ రోజే మానేశారు."

"మరి మంచిదేగా."

"ఒకడి దగ్గర గోడలు, ఒకడి దగ్గర కప్పులు. వెళ్లి అడగొచ్చుగా? ఉహూఁ. అడిగితే వాడు ముందు తిరగేసి చుక్క చూస్తాడు. తలుపేసుకుని వీడి గదిలో వీడు, తలుపేసుకుని వాడి గదిలో వాడు. కొట్లాడుకున్నన్ని రోజులు కలిసే కూర్చున్నారు, తెలుసా? అది నేను లెక్కలోకి తీసుకోలేదు."

"తర్వాత మళ్లీ కలిసి కట్టారా?"

"ఒక్క ఇల్లు కట్టలేదు. అస్గర్ ఇప్పటికీ నా పుట్టినరోజుకి ఎస్బ్యెర్గ్ ఊరినుంచి వస్తాడు, కేకు తింటాడు, మీ నాన్నకి చెయ్యి కలుపుతాడు, పోతాడు. చూస్తున్నావుగా. నా బతుకులో తూకం గింజంత కూడా తప్పకుండా చేసిన బేరం అదొక్కటే. నిండా మునిగింది కూడా అందులోనే."

"మరి ఇవన్నీ నా దగ్గరికెలా వచ్చాయి? చుక్కవీ ఉన్నాయి, ఉత్తవీ ఉన్నాయి."

"నువ్వు పుట్టినప్పుడు మీ నాన్నవి అటకమీంచి దిగాయి. నెల తిరక్కుండా అస్గర్ ఒక సూట్‌కేసు పంపించాడు. చీటీ లేదు, ఉత్తరం లేదు. తాళం తీస్తే ఇటుకలు. నేనే బట్టలసంచిలో వేసి మిషన్లో ఉతికి, దుప్పటిమీద ఆరబోశాను. అన్నీ కలిపేసి."

"అంటే అవి మళ్లీ కలిసింది నా గదిలోనే."

"నీ గదిలోనే."

"ఇప్పుడు నువ్వే మళ్లీ విడదీస్తావా?"

"... మాటిచ్చానే నీ తండ్రికి. సంతలో మాట తప్పినవాళ్ల బల్ల దగ్గరికి ఎవరూ రారు."

"ఏం మాటిచ్చావు? సరిగ్గా చెప్పు, వాడు అన్నదీ నువ్వు అన్నదీ."

"వాడు అంటావేంటే తండ్రిని!"

"నాన్న. నాన్న ఏమన్నాడు?"

"'మూడింటికల్లా అన్నీ సర్ది ఉంచుతావా అమ్మా' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"'అన్నీ సర్ది ఉంచుతాలేరా' అన్నాను."

"పంచి ఉంచుతానన్నావా?"

"... అనలేదు."

"మరి సర్దుతున్నాంగా."

"నీ నోట్లో నాలుక్కి ఎముక లేదు గానీ, ఉంటే అది నాదే. ఆ అరటిపళ్ల పెట్టెలు ఇలా జరుపు."

"వద్దు నాన్నమ్మా! ఒక్క ఇటుక కూడా వాటిలో వెయ్యనివ్వను. వెయ్యాలంటే నన్ను దాటాలి."

"వెయ్యమనట్లేదు. బోర్లించు. కూర్చోడానికి. మోకాళ్లు చచ్చాయి నాకు. కానీ, కీళ్లు ఏ సొరుగు?"

"నాలుగో వరస, ఎడమ నుంచి రెండోది!"

"తొందరగా. ఇంకా పలకలు మిగిలాయి. సన్నవి సన్నవాటిలో, మందమైనవి మందమైనవాటిలో. ఏదైనా అతుక్కుపోతే పళ్లతో లాగకు, మీ నాన్నలా."

"నాన్న పళ్లతో లాగేవాడా?"

"ఇదిగో, గాట్లు చూడు. ఇంకో తరానికి కూడా పోవు."

"నాన్నమ్మా, కారు చప్పుడు."

"విన్నాను. నువ్వు మాట్లాడు. నేను కూర్చుంటాను."

"అమ్మా! టిల్డా! ఎంతవరకొచ్చింది? అయిపోయిందా?"

"బూట్లు బయట విప్పి రారా ఎస్బెన్. కింద చూసుకుని నడువు, ఒకటీ అరా మిగిలుండొచ్చు."

"ఎక్కడ మిగి... అబ్బా! కాలు! కాలు!"

"చెప్పానుగా."

"అది పక్కకి పెట్టు నాన్నా. పైనుంచి మూడో వరసది."

"ఇదిగో, స్నానాలగది తూకం కూడా తెచ్చాను. ఇదేంటి? పెట్టెలన్నీ ఖాళీగా ఉన్నాయే! అమ్మా, నువ్వు వాటిమీద కూర్చున్నావేంటి?"

"కుర్చీ కనబళ్లేదు."

"మాటిచ్చావు కదమ్మా!"

"సర్ది ఉంచుతానన్నాను. అరవై నాలుగు సొరుగులు, లాగి చూసుకో. ఈ ఇంట్లో ఇంత బాగా సర్దిన మూల ఇంకోటుంటే చూపించు."

"సర్దడం కాదమ్మా, సగం చెయ్యడం. మలీనకి ఏం చెప్పను నేను? కూతురి ఇటుకల కోసం ఆవిడ వేయ్లెలో అరలు కూడా కొట్టించింది."

"నాన్నా, సగం నువ్వే చెయ్యి. ఒక్క సొరుగు. ఒక్కటి సరిగ్గా పంచి చూపించు. మిగతా అరవై మూడూ నేనే పంచి నీ కార్లో పెడతాను."

"మళ్లీ ఏడుపులూ అవీ ఉండకూడదు."

"నేను ఏడవను. నువ్వు కూడా ఏడవకూడదు."

"అమ్మా, దీనికి ఈ నోరెక్కణ్ణుంచి వచ్చింది?"

"మీ నాన్న మాట్లాడేవాడే కాదు. ఇంక మిగిలిందెవరో చూసుకో."

"సరే. ఏ సొరుగు?"

"ఇది. కీళ్లు."

"ఎన్నున్నాయి ఇందులో? రెండు, నాలుగు, ఆరు... ఇరవై నాలుగు. పన్నెండు ఇటు. పన్నెండు అటు. తూచనా? ఇదిగో, చూడు. ఇది గ్రిన్‌స్టెడ్, ఇది వేయ్లె. సరిగ్గా సగం. అయిందా?"

"ఇటు పన్నెండు చూడు నాన్నా."

"చూశా."

"అన్నీ పట్టుకునే ముక్కలు. అటు పన్నెండు చూడు. అన్నీ తిరిగే ముక్కలు. ఒకదానిలో ఒకటి పెడితేనే కీలు. ఇప్పుడు ఏ ఇంట్లోనూ ఒక్క తలుపు కూడా తెరుచుకోదు. కానీ లెక్క సరిపోయింది."

"సరే, ఆరు ఇవి, ఆరు అవి పెడితే..."

"పన్నెండు తలుపుల కోట కట్టాను. అది ఆరు తలుపులది చేసుకోవాలా?"

"కొత్తవి కొంటాను! ఇంకో ఇరవై నాలుగు కొంటాను. అదేం పెద్ద పని?"

"ఎస్బెన్. ఇది కొంటావా? పట్టుకో. తిరగెయ్యి."

"ఏంటమ్మా ఇది? ఓ... గోళ్ల రంగు. ఇది ఇంకా పోలేదా! అస్గర్‌గాడివి ఇవి. చుక్కవన్నీ వాడివి."

"కాదురా. చుక్క నీది."

"నాదా? నీకు మతిపోయింది. నాకు బాగా గుర్తు. చుక్కది ముట్టుకుంటే వాడు కొరికేవాడు."

"కొరికింది నువ్వు. ఆ ఇటుకకి పంటిగాట్లు చూడు. మధ్యలో ఖాళీ ఉందా? సైకిలుమీంచి పడి ముందుపన్ను విరగ్గొట్టుకున్నదెవరు? వాడా, నువ్వా? ముప్ఫై ఆరేళ్లయింది. ఏది నీదో నీకే గుర్తులేదు. ఆ చుక్క పెట్టిన చెయ్యి నాది. ఇంకోసారి పెట్టదు. తూకం కావాలంటే నువ్వే పట్టుకో, నేను లేచి పోతాను."

"ఇన్నేళ్లూ నేను వాడివి అనుకుని... వాడి సూట్‌కేసు వచ్చిన రోజు కూడా, చుక్కవే ఏరి విడిగా పెడదామనుకున్నానమ్మా. వాడివి వాడికి తిరిగిచ్చేద్దామని."

"నీవే ఏరి వాడికి పంపేవాడివి."

"... ఎలా ఉన్నాడు వాడు?"

"ఫోనుంది కదా నీ దగ్గర."

"చేస్తాలే."

"ఆ 'లే' తీసేసి చెప్పు."

"చేస్తాను. సరే. సరే టిల్డా, ఇలా చూడు. నీదే గెలుపు. ఒక్క ఇటుక కూడా పంచం. బీరువా ఇక్కడే, ఇటుకలన్నీ ఇక్కడే. చాలా?"

"ఎప్పటికీ?"

"ఎప్పటికీ."

"కాగితం మీద రాస్తావా?"

"రాస్తాను. అమ్మా, నవ్వకు. నువ్వే చెడగొట్టావు దీన్ని."

"నేను చెడగొట్టలేదురా, సర్దాను."

"మలీనకి నేను సర్దిచెప్పుకుంటాను. పద టిల్డా, ఇంక సంచి తీసుకో. మూడున్నర కావొస్తోంది. అమ్మ అక్కడ ఎదురుచూస్తూ ఉంటుంది."

"ఎదురుచూడదు."

"అదేంటి?"

"దారిలో ఉంది. ఇక్కడికే వస్తోంది."

"ఎందుకు? నేను దింపుతానన్నాగా."

"బళ్లోంచి రాగానే నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. తన సంచి కూడా తెచ్చుకోమన్నాను."

"తన సంచేంటి? నీకు తెలుసా అమ్మా ఈ సంగతి?"

"నాకేం తెలీదురా. నాకు ఇటుకల వరకే తెలుసు. ఏమే, ఏంటిదంతా?"

"ఈ వారం అమ్మది కదా నాన్నమ్మా. అందుకని అమ్మ వస్తోంది. వచ్చే వారం నాన్నది. ఇటుకలు కదలవు. నేనూ కదలను."

"టిల్డా, ఆగు, ఆగు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అమ్మే ఇక్కడికొచ్చి ఉంటే, ఆ గుమ్మం దగ్గర అంత సంచి సర్దుకుని నువ్వెక్కడికి వెళ్తావు?"

"అది నా సంచి కాదు నాన్నా, నీది. నాన్నమ్మ కొట్టంలో నీ పాత మంచం ఇంకా ఎవరూ కొనలేదట."